సీసాపై వ్రాయని మాట

మన యిండ్లలో సకల సందేహములను తీర్చు మంత్రమొకటి కలదు. ‘ఇంట్లో చేసినదే’ అని యెవరైన అన్నచో వినువారు మరి ప్రశ్నింపరు. అంగడి పచ్చడిలో ఏమి కలిపిరో అని జంకువారు ఇంటి పచ్చడిలో ఉప్పెంత పడినదో అడుగరు. అంగడి నేతిని వ్రేలితో రాచి, వాసన చూచి, వెలుతురునకు పట్టి పరీక్షించువారు ఇంటి నేతిని కన్నులు మూసికొని వడ్డించుకొందురు. ఈ విశ్వాసమున ప్రేమ యున్నది, నేను కాదనను. కాని ప్రేమ యున్నచోట పరీక్ష అక్కరలేదనుట మూఢవిశ్వాసమే యని నాకు 2024వ సంవత్సరము జూన్ నెలలో ఒక రాత్రి రెండు గంటలకు తెలిసినది. తెలిపినది ఒక గాజుసీసా. ఆ కథను దాచక చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

నేను పదునైదేండ్లుగా ఇంగ్లండు దేశమున డెర్బీషైరు మండలములోని ఒక చిన్న పట్టణమున కాపురమున్నాను. మా పెరటి వెనుక పాత రైలుదారి యొకటి కలదు. బండ్లు నిలిచిపోయి, పట్టాలు తీసివేసిన పిదప అది కాలిబాట యైనది. దాని కిరుప్రక్కల ముండ్లపొదల నడుమ, ఎవరును నాటక, ఎవరును నీరు పోయక, ఎల్డరు అను చెట్టు విరివిగా పెరుగును. దాని బెరడు బెండువలె మెత్తగా, చీలికలు చీలికలుగా నుండును. ఒక్కొక్క యీనెకు ఎదురెదురుగా ఐదో యేడో ఆకులుండును. మే నెల చివర మొదలు జూన్ నెలంతయు అది పూచును. పూవు మిరియపు గింజంతది, ఐదు రేకులు, మీగడ రంగు. అట్టి పూవులు వందలకొలది కూడి అరచేయంత గుత్తియై, కొత్తిమీర పూతవలె గొడుగు పట్టినట్లు విచ్చుకొనును. తగిన అదనున కోసిన పూవు పండిన ద్రాక్షవలెను తేనెవలెను పరిమళించును. ముదిరిన పూవు పిల్లి తిరిగిన మూలవలె కంపు కొట్టును. ఈ చెట్టులో ఒక ముసలితల్లి వసించుననియు, ఆమె ననుమతి యడుగక కొమ్మ నరికినచో కీడు కలుగుననియు ఉత్తర ఐరోపా పల్లెజనులు పూర్వము నమ్మెడివారు. వేపచెట్టున పోలేరమ్మను చూచిన నెల్లూరు పల్లెపిల్లనగుటచే నాకీ నమ్మకము వింతగా తోపలేదు.

మా పొరుగింట ఎనుబదేండ్లు దాటిన వృద్ధురాలొకరున్నారు. ఆమె ప్రతి వేసవియందును ఈ పూలతో ఒక పానీయము చేయుదురు. సీసా తెరచినంతనే అది బుస్సుమని పొంగి నురుగు గ్రక్కును గనుక దీనిని ‘ఎల్డరు పూల షాంపేను’ అని ఇచ్చటివారు పిలుతురు. ఏటేట ఆమె నాకొక గ్లాసు ఇవ్వజూచుటయు, నేను చిరునవ్వుతో వలదనుటయు ఆచారమైపోయినది. ఏలయనగా, నేను 2009లో ఈ దేశమునకు వచ్చునాడు చెన్నపట్టణపు విమానాశ్రయమున మా అమ్మ నా చేయి పట్టుకొని, “చుక్క ముట్టనని చెప్పు పాపా” అని యడిగెను. చెప్పితిని. ఆ మాటను నిలుపుకొంటిని. కచ్చేరీ విందులలో అందరును గ్లాసులెత్తునప్పుడు నారింజరసపు గ్లాసుతో ఒక మూల నిలుచుట నాకలవాటైనది. అది గొప్ప త్యాగమని చెప్పను గాని, పదునైదేండ్లు మూలన నిలుచువారికి నడుమకు రావలెనను కోరిక యొకటి పుట్టుట సహజము.

ఆ యేడు వృద్ధురాలికి మోకాలు పట్టివేసినది. పూలు కోయుటకు పోలేక నన్ను పిలిచి, “ఈసారి నీవు కోసి తెచ్చి, నీవే చేయుము, నేను చెప్పెదను” అనిరి. అందులో మత్తుండునా యని నేనడిగితిని. “ఏదో కొంచెము. మేము చిన్ననాటి నుండియు త్రాగుచున్నాము” అని ఆమె నవ్విరి. ఆ ‘ఏదో కొంచెము’ అను మాటను నేను తూచి చూడలేదు. అది పూలనీరు అని నాకు నేనే పేరు పెట్టుకొంటిని. పేరు మార్చినచో ప్రతిజ్ఞ చెడదు గదా!

ఇక చేయు విధము. జూన్ 15వ తేదీ, శనివారము, మంచు ఆరిన పిదప ప్రొద్దెక్కక మునుపే పూలు కోసితిని. వానలో తడిసిన పూవున పుప్పొడియు పరిమళమును కొట్టుకొనిపోవును గనుక పొడి దినముననే కోయవలెను. ఈ దేశమున 1968 నాటి చౌర్యపు చట్టము ప్రకారము అడవిగా పెరిగిన చెట్టు నుండి పూలను, పండ్లను సొంతమునకు కోసికొనుట దొంగతనము కాదు. అమ్ముకొనుటకు కోసినచో నేరమగును. చెట్టును గుర్తించుటలో జాగ్రత్త వలయును. కొత్తిమీర కుటుంబమునకే చెందిన హెమ్లాకు అను విషపు మొక్కకును తెల్లని గొడుగు పూలే యుండును. కాని అది మెత్తని కాడగల మొక్క, ఎల్డరు బెరడుగల చెట్టు. ఎల్డరులో సైతము ఆకులును, కాడలును, పచ్చికాయలును విషకరములే. కనుక పూలను మాత్రమే కాడల నుండి దువ్వి తీయవలెను.

ఎనిమిది పూగుత్తులు, నాలుగున్నర లీటర్ల నీరు, ఏడువందల గ్రాముల చక్కెర, రెండు నిమ్మకాయల రసమును తొక్కయు, రెండు చెంచాల తెల్లని వినిగరు: ఇవి దినుసులు. చక్కెరను వేడినీట కరగించి, చల్లార్చి, తక్కిన వానిని కలిపి, గుడ్డ కప్పి ఒక దినముంచవలెను. పిమ్మట పలుచని గుడ్డతో వడియగట్టి, రెండు మూడు దినములలో నురుగు కనిపించినంతనే సీసాలలో పోయవలెను. వినుటకు పులిహోర కలుపుటకంటె సులభముగా నుండెను.

మొదటి తప్పు ఆ యుదయముననే చేసితిని. మనవారు కడుగని దానిని వండరు. వృద్ధురాలు “పూలను దులుపుము, కడుగవద్దు” అని చెప్పియుండగా, పురుగులుండునను భయమున కొళాయి క్రింద రెండుమార్లు కడిగితిని. పూలపై అంటియుండు సహజమైన ఈస్టు అను సూక్ష్మజీవియే ఈ పానీయమునకు ప్రాణమని నాకు తెలియదు. నాలుగు దినములు గడచినను బానలో ఒక్క బుడగయైనను లేవలేదు. ఐదవ నాడు వృద్ధురాలి సలహాతో అంగడి నుండి షాంపేను ఈస్టు పొట్లము తెచ్చితిని. ఆమె చిటికెడు చాలుననిరి. నేను పొట్లమంతయు కుమ్మరించితిని. ఇది రెండవ తప్పు. ఆ వారమున ఎండలు తీవ్రముగా కాచినవి. బాన బుసబుస పొంగి ఆరు దినములు నురుగు కట్టెను. పొంగు కొంత తగ్గినంతనే పని ముగిసినదని తలచి, 26వ తేదీన ఆరు సీసాలలో పోసి బిగించితిని. ఆ సీసాలు అందము కొరకు కొన్న పలకల సీసాలు. గుండ్రని సీసాయందు ఒత్తిడి అన్ని వైపుల సమముగా పరచుకొనును. పలకల సీసాయందు మూలలు తాళవు. ఇది మూడవ తప్పు. దినమున కొకమారు మూత వదలి గాలి తీయవలెనని విని, మరచితిని. ఇది నాలుగవది. ఐదవదియు పెద్దదియు నగు తప్పు వేరు; అది చెప్పుటకు ముందు కొంత శాస్త్రము చెప్పవలెను.

ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగుట మన మెరిగినదే. కంటి కగపడని జీవులు పిండిలోని చక్కెరను తిని గాలిని విడుచుటచే అది పొంగును, పులియును. పులియుట జీవుల పనియే గాని వట్టి రసాయన క్రియ కాదని పాశ్చర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1857 మొదలు తన పరిశోధనలచే నిరూపించెను. ఈస్టు చక్కెరను తిని, దానిని ఇంచుమించు సగము మద్యసారముగను, సగము బొగ్గుపులుసు వాయువుగను మార్చును. బాన తెరచియున్నచో వాయువు పోవును, మద్యసారము నిలుచును. సీసా మూసినచో రెండును నిలుచును. ద్రాక్షాసారాయమునకు చక్కెర చేర్చి మెరుపును చురుకును కలిగించు పద్ధతిని క్రిస్టఫర్ మెరెట్ అను ఆంగ్లేయుడు 1662లోనే లండనులోని రాయల్ సొసైటీ యెదుట వివరించెను. నిజమైన షాంపేను సీసాలో వాతావరణపు ఒత్తిడికి ఐదారు రెట్ల ఒత్తిడి యుండును. అనగా మన కారుచక్రములోని గాలి ఒత్తిడికి రెండింతల కెక్కువ. లీటరున కిరువదినాలుగు గ్రాముల చక్కెర పులిసినచో అంత ఒత్తిడి పుట్టును. నేను బిగించిన నాడు నా సీసాలలో దానికి మూడింతలకు పైగా చక్కెర మిగిలియుండెను. వానిని నేను వంటయింటి ప్రక్క అరలో, మా అమ్మ పడుకొను గదికి గోడ యవతల, వరుసగా పేర్చి యుంచితిని.

అమ్మ ఆ యేడు మే నెలాఖరున నన్ను చూడవచ్చెను. ఆమె కథ కొంత చెప్పక తప్పదు. మాది నెల్లూరు జిల్లాలో ఒక మెట్టపల్లె. 1980ల దశకమున ప్రభుత్వమే సారాను పొట్లములలో నింపి ‘వారుణివాహిని’ యను సొగసైన పేరుతో ఊరూరికి చేర్చినది. తాగునీరు రాని పల్లెకును సారా పొట్లము తప్పక వచ్చెడిది. మా నాయన కూలి డబ్బులు ఆ వాహినిలోనే కలిసెడివి. అమ్మకు అక్షరము రాదు. 1991లో అక్షరదీపము రాత్రిబడులు వచ్చినప్పుడు ముప్పదేండ్ల వయస్సున లాంతరు ముందు కూర్చుండి దిద్దనేర్చెను. చదువుతోపాటు ప్రశ్న వచ్చినది. 1992లో దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించిరను వార్త పాకి జిల్లా యంతయు లేచినప్పుడు మా యూరి స్త్రీలును చీపుళ్లు పట్టి లేచిరి. అమ్మ ముందు వరుసను నడచెను. పదేండ్ల నేను ఆమె కొంగు పట్టుకొని వెనుక నడచితిని. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో ఆ నిషేధము సడలినది. మా నాయన ఆ నడిమి సంవత్సరములలో మనుష్యుడైనాడు. సడలిన పిదప మరల మొదలుపెట్టి, కాలేయము చెడి, ఆరేండ్లకు గతించినాడు. విమానాశ్రయమున నా చేయి పట్టుకొన్న చేయి అట్టి చేయి.

ఆ అమ్మ బానలోని పూలను చూచి “ఏంది పాపా ఇది?” అని యడిగినప్పుడు నేను “పూలపానకం అమ్మా” అంటిని. పానకమను మాట వినగానే ఆమె ముఖము వికసించెను. సీసాలలో పోసిన దినమున అమ్మ నిద్రించు వేళ ఒక గ్లాసు వంచుకొని త్రాగితిని. తియ్యగా, పుల్లగా, చల్లగా నుండెను. ఆ గ్లాసుతో మూల విడిచి నడుమకు వచ్చినట్లు తోచినది. అంతటితో నిలువక మరియొక యోచన చేసితిని. ప్రతి యాదివారము మా పట్టణపు తెలుగుపిల్లలు పండ్రెండుమందికి మా యింట అక్షరములు దిద్దించుచుందును. జూన్ 30వ తేదీ వేసవి సెలవులకు ముందటి కడపటి తరగతి. ఆ దినమున పిల్లలకీ పూలపానకము పోయుదమని తలచితిని. ఇదియే నా ఐదవ తప్పు. నా పేరును నేనే నమ్మితిని.

శుక్రవారము రాత్రి రెండు గంటలకు తుపాకి ప్రేలినట్లు శబ్దమైనది. పరుగెత్తి పోయి దీపము వేసితిని. అర తలుపునకు గాజుముక్కలు గ్రుచ్చుకొనియున్నవి. నేలయంతయు నురుగు. అమ్మ నాకంటె ముందే వచ్చి గడప యవతల నిలిచియుండెను. ఆమె లోపలికి అడుగు పెట్టలేదు. ఒక్కమారు ఊపిరి పీల్చెను.

“పాపా, ఇది కల్లు వాసన.”

“కాదమ్మా, పూలపానకం పులిసింది.”

“తాటినీళ్లు పులిస్తే ఏమంటారు మన ఊళ్లో?”

నేను మాటాడలేదు. మా యూరి గీతకార్మికులు నీరా కావలసినప్పుడు ముంత లోపల సున్నము పూయుదురు. సున్నమున్న ముంతలో తాటినీరు తియ్యగా నిలుచును. సున్నము లేని ముంతలో ప్రొద్దెక్కులోపల కల్లగును. చెట్టొకటే, నీరొకటే, భేదమంతయు సున్నములోనే. ఇది నేను పుట్టి పెరిగిన యూరి విద్య. ఇంగ్లండుకు వచ్చి, పూవు మారినంత మాత్రమున దానిని మరచితిని.

అమ్మ పక్క బల్లపై నేను వేరుగా నుంచిన సీసాను దూరము నుండియే పరికించి చూచెను. “దీని మీద ఏమీ రాయలేదే?”

“ఇంట్లో చేసింది గదమ్మా. రాయడమెందుకు?”

“ఎంత మత్తుందో నీకు తెలుసా?”

“కొంచెమే ఉంటదంట.”

“అంట” అని ఆమె ఆ మాటను తిరిగి పలికెను. పిమ్మట, “ఆదివారం పిల్లకాయలకి పోస్తానంటివే, అది ఇదేనా?”

“ఇదే.”

“నువ్వు తాగినావా?”

అబద్ధమాడుటకు నోరు రాలేదు. “ఒక గ్లాసు తాగినానమ్మా” అంటిని.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినచో సుఖముగా నుండెడిది. గోడకు చేరగిలబడి కొంతసేపటికి, “మీ నాయన కూడా ఏనాడూ సారా అనలేదు పాపా. మందు అనేవాడు. ఒళ్లు నొప్పులకు మందు” అనెను.

ఆ మాట నన్ను గాజుముక్క కంటె లోతుగా గ్రుచ్చినది. నిజమే. మన భాషలో త్రాగుడునకు ఉన్నన్ని ముద్దుపేర్లు మరి దేనికిని లేవు. మందు అందురు, తీర్థమందురు, చుక్క యందురు. రోగము తెచ్చు దానికి మందని పేరు. గుడిలో పుచ్చుకొను దాని పేరు అంగడిలో పుచ్చుకొను దానికి. ప్రభుత్వము సైతము సారాకు నదిపేరు వంటి పేరు పెట్టినది. ఆ పేర్లను వెక్కిరించుచు పెరిగిన నేను, చదువుకొన్న దానను, పులిసిన దానికి పానకమని పేరు పెట్టి కన్నతల్లికే చెప్పితిని. పేరు పెట్టుట అబద్ధములలో నెల్ల అతి మర్యాదగల యబద్ధము. చెప్పువానికే తాను అబద్ధమాడుచున్నట్లు తోపదు.

తెల్లవారిన పిదప మందమైన తువ్వాళ్లు చుట్టి, చేతులకు తొడుగులు, కన్నులకు అద్దాలు పెట్టుకొని, మిగిలిన యైదు సీసాలను మెల్లమెల్లగా మూతలు వదలితిని. ప్రతి సీసాయు ఇంటికప్పు తాకునంతగా ఎగజిమ్మినది. పిమ్మట పట్టణమునకు పోయి ఒక హైడ్రోమీటరు కొని తెచ్చితిని. పాలకేంద్రములందు పాలు పరీక్షించు లాక్టోమీటరు వంటిదే యిది. మంచినీట 1.000 అని చూపును. చక్కెర యున్నకొలది పైకి తేలి ఎక్కువ అంకె చూపును. చక్కెర మద్యసారముగా మారినకొలది మునిగి తక్కువ చూపును. మొదట నేను కొలువలేదు గాని, నాలుగున్నర లీటర్ల నీట ఏడువందల గ్రాముల చక్కెర కలిపినచో సుమారు 1.054 ఉండవలెనని లెక్క. గాలి పోవునట్లు బాగుగా గిలకరించి కొలువగా ఇప్పుడు 1.020 ఉన్నది. ఈ భేదమును 131 చేత గుణించినచో మద్యసారపు శాతము సుమారుగా వచ్చును. నాకు వచ్చినది నాలుగున్నర. ఇచ్చటి అంగళ్లలో అమ్ము సామాన్యమైన బీరునకు ఇది సమానము. చక్కెరయంతయు పులియు వరకు ఉంచినచో ఏడు శాతము దాటియుండెడిది.

అమ్మ నా ప్రక్కన కూర్చుండి కాగితముపై నేను వేయు లెక్కను చూచుచుండెను. “నాలుగున్నర” అని నేను చెప్పితిని. “బీరంత” అని వివరించితిని. నా తరగతిలో అందరికంటె చిన్నపిల్లకు నాలుగేండ్లు. ఐదేండ్లలోపు బిడ్డకు మద్యమిచ్చుట ఈ దేశమున 1933 నాటి చట్టము ప్రకారము నేరము. చట్టము మాట యటుండ, అక్షరములు దిద్దించుటకు నన్ను నమ్మి యింటికి పంపిన తల్లులకు నేనేమి చెప్పియుందును? ‘ఇంట్లో చేసినదే’ అని చెప్పియుందును. వారును నమ్మియుందురు. సీసా ముందురాత్రి పగులుట నా యదృష్టము.

పేరు విషయమున ఒక విచిత్రమును తరువాత తెలిసికొంటిని. 1993లో ఈ దేశపు పైకోర్టులో ఒక వ్యాజ్యెము నడచినది. సర్రే మండలమున ఒక వర్తకుడు ఎల్డరు పూలతో మద్యసారము లేని పానీయమొకటి చేసి, షాంపేను వంటి సీసాలో పోసి, ‘ఎల్డరుఫ్లవరు షాంపేను’ అని అమ్ముచుండెను. షాంపేనను పేరు ఫ్రాన్సు దేశమున ఆ మండలపు ద్రాక్షాసారాయమునకే చెల్లునని అచ్చటివారు దావా వేసిరి. క్రింది న్యాయమూర్తి వారి కోర్కెను నిరాకరింపగా, అప్పీలు కోర్టు వారి పక్షముననే తీర్పు చెప్పినది. ఆ వర్తకుడు మద్యము లేని దానికి మద్యపు పేరు పెట్టెను. నేను మద్యమున్న దానికి పానకపు పేరు పెట్టితిని. అతనిది కోర్టు కెక్కినది. నాది మా యింటి గడపయొద్దనే విచారణకు వచ్చినది. న్యాయమూర్తి ముప్పదవ యేట అక్షరములు నేర్చినది.

ఆదివారమున అమ్మయే పానకము చేసెను. బెల్లము, మిరియాలు, యాలకులు, నిమ్మరసము; నిజమైన పానకము. పిల్లలు మిరియపు ఘాటునకు ముక్కులు ఎగబీల్చుచు రెండేసి గ్లాసులు త్రాగిరి. వారిని తీసికొనిపోవచ్చిన తల్లిదండ్రులకు నేను జరిగినది చెప్పితిని. ఒకరిద్దరు నవ్విరి. ఒక తల్లి నవ్వలేదు. నవ్వని యామెయెడలనే నాకెక్కువ గౌరవము కలిగినది.

ఇది చదివి, పులియు ప్రతి పదార్థమును పారబోయుడని నేను చెప్పుచున్నానని కొందరు తలపవచ్చును. అట్లు కాదు. మా పొరుగింటి వృద్ధురాలిని నేను నిందింపను. ఆమె దేశాచారమును ఆమె దాచక చేయుచున్నారు. షాంపేను అనియే పిలుచుచున్నారు. కాని ఆమెయు ఏనాడును కొలిచి చూడలేదు. నా సీసాలోని అంకె చెప్పినప్పుడు ఆమె చాలసేపు మౌనముగా నుండి, “మా మనుమలకు చిన్నప్పుడు నేనెంత పోసితినో!” అనిరి. మంచివారు, తెలియక, ప్రేమతో చేయు కీడు చెడ్డవారు తెలిసి చేయు కీడుకంటె తక్కువ చేటు కాదు. ఎవరును అనుమానింపరు గనుక ఒక్కొక్కప్పుడు ఎక్కువ. ఈస్టునకు ఇల్లనియు అంగడి యనియు భేదము లేదు. తల్లి కలిపిన చక్కెరయని అది మద్యసారమును తగ్గింపదు. ఈ దేశమున అమ్ముడుపోవు పానీయమందు 1.2 శాతమునకు మించి మద్యసారమున్నచో దాని శాతము సీసాపై వ్రాయవలెనను నియమము కలదు. ఇంటి సీసాకు ఆ నియమము లేదు. చట్టము లేనిచోట ఆ బాధ్యత ఎవరిపై పడును? పోయు చేతిపై పడును.

మరల జూన్ వచ్చినది. రైలుదారి ప్రక్క ఎల్డరు పూచినది. ఈ మారు పిల్లలకొరకు పులియని పాకము చేసితిని. రెండు కిలోల చక్కెరను ఒకటిన్నర లీటరు నీట మరిగించి, ఇరువది గుత్తుల పూలపై పోసి, నిమ్మరసమును నిమ్మఉప్పును చేర్చి, దినముంచి, వడియగట్టి, చల్లనిపెట్టెలో భద్రపరచితిని. అంత చిక్కని పాకమున ఈస్టు మెలగజాలదు. ఆ చక్కెరయే దీనికి సున్నము. త్రాగునప్పుడు నీరు కలుపుకొందురు. వృద్ధురాలి కొరకు షాంపేనును చేసితిని. చిటికెడు ఈస్టు, గుండ్రని మందపు సీసాలు, దినదినమును గాలి తీయుట, దినదినమును కొలుచుట. హైడ్రోమీటరు లేనిదే ఇప్పుడామెయు సీసా బిగింపనీయరు. దానిని నేను త్రాగలేదు. త్రాగువారినందరిని పాపులని నేననను. నా మాట మాత్రము నాది. పదునైదేండ్లు నిలుచుండిన మూల నాకిప్పుడంత యిరుకుగా తోచుటలేదు.

మొన్న ఆదివారమున అమ్మ ఫోనులో, “పూలు పూసినాయా పాపా?” అని యడిగెను. పూచినవంటిని. “ఈసారి సీసాల మీద ఏమైనా రాసినావా?” అని యడిగెను. నేను బల్లమీది సీసాలను తీసి ఒక్కొక్కటిగా చదివి వినిపించితిని. మొదటిదానిపై, ‘ఎల్డరు పూల పాకము. జూన్ 8. పులియనిది. పిల్లలకు.’ రెండవదానిపై, ‘ఎల్డరు పూల షాంపేను. జూన్ 14. మద్యసారము 3 శాతము. పెద్దలకు మాత్రమే.’ రెండవది తెలుగులో ఎందుకు వ్రాసితివి, ఆ దొరసానమ్మకు తెలుగు రాదు గదా యని ఆమె నవ్వెను. ఆమె కొరకు ఇంగ్లీషులో వేరుగా వ్రాసితిననియు, తెలుగు నా కొరకు వ్రాసికొంటిననియు చెప్పితిని.